క్రాకోవ్ పొగలో మా కాపురం

పోలండ్‌లో గాలి బాగుండదంటే మావాళ్లు ఎవరూ నమ్మరు. యూరప్‌లో ఉంటూ పొగ గురించి మాట్లాడితే గొప్పలు పోతున్నాననుకుంటారు. "మరి ఢిల్లీలో ఉన్నవాళ్లు ఏమనాలి?" అంటుంది మా చెల్లెలు. ఇదే మాట నాకు ఇక్కడివాళ్ల నోట కూడా వినిపిస్తుంది, ఢిల్లీ బదులు బీజింగ్ పేరుతో. మన ఊరి పొగని ఇంకో ఊరి పొగతో పోల్చుకుని సరిపెట్టుకోవడం మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు.

మేముండేది దక్షిణ పోలండ్‌లో, క్రాకోవ్ నగరాన్ని ఆనుకుని ఉన్న ఒక చిన్న ఊళ్లో. ఊరి పేరు చెప్పను. పక్కింటి పెద్దాయన గురించి చాలా రాయబోతున్నాను, ఆయనకి ఇబ్బంది కాకూడదు. మా ఆయన ఆఫీసు క్రాకోవ్‌లో. 2021 వేసవిలో వచ్చినప్పుడు సిటీలో అద్దెలు మా లెక్కకి అందలేదు. ఇక్కడ అదే డబ్బుకి రెండు బెడ్రూములు, చిన్న పెరడు, వీధి చివర అడవి, నడిచి వెళ్లేంత దూరంలో రైల్వే స్టేషన్. ఇల్లు చూపించిన ఏజెంటు కిటికీ తెరిచి "ఇక్కడి గాలి చూడండి" అని గర్వంగా అన్నాడు. జూన్‌లో ఆ మాట నిజమే.

క్రాకోవ్ సంగతి వచ్చేముందే చదివాను. పొగకి పేరుమోసిన ఊరు. విస్తులా నది లోయలో ఉంటుంది, చలికాలంలో గాలి కదలదు, పాత ఇళ్లల్లో బొగ్గు పొయ్యిలు, కట్టెల పొయ్యిలు. 2012లో కొందరు పౌరులు క్రాకోవ్ స్మాగ్ అలర్ట్ పేరుతో ఉద్యమం మొదలుపెట్టారు. ఊరేగింపులు తీశారు, ప్రజాప్రతినిధుల వెంటపడ్డారు, చివరికి అనుకున్నది సాధించారు. 2019 సెప్టెంబర్ 1 నుంచి క్రాకోవ్ నగరంలో ఇంటి పొయ్యిలో బొగ్గు గానీ కట్టెలు గానీ కాల్చకూడదు. హాల్లో ముచ్చటకి పెట్టుకునే ఫైర్‌ప్లేస్ కూడా వెలిగించకూడదు. పోలండ్‌లో ఇంత పని చేసిన మొదటి నగరం అదే. అయితే ఆ నిషేధం నగరం పేరు రాసిన బోర్డు దగ్గర ఆగిపోతుంది. మా ఊరు ఆ బోర్డుకి ఇవతల ఉంది. సిటీ చుట్టూ మాలాంటి ఊళ్లు బోలెడు. సిటీవాళ్లు లక్షలు పోసి పొయ్యిలు మార్చుకున్నాక కూడా మా పొగ వాళ్ల మీదికి వెళ్తూనే ఉంటుంది.

నాకు బొగ్గు కొత్త కాదు. పుట్టింది గోదావరిఖనిలో. మా నాన్న సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. నా చిన్నప్పుడు క్వార్టర్స్‌లో తెల్లారగానే ఇళ్ల ముందు కుంపట్లు రాజేసేవాళ్లు. కాసేపు కళ్లు మండే పొగ, నిప్పు బాగా పట్టుకున్నాక తగ్గేది, అప్పుడు కుంపటిని లోపలికి తీసుకెళ్లేవాళ్లు. అందుకే అక్టోబర్‌లో ఒక సాయంత్రం తీగ మీది బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్లినప్పుడు ఆ వాసన వెంటనే పట్టేశాను. ముందు హాయిగానే అనిపించింది. అయితే కుంపటి పొగకి ఒక అంతం ఉండేది. ఇక్కడ సాయంత్రం నాలుగింటికి మొదలైంది పొద్దున దాకా ఆగదు, ఏప్రిల్ దాకా ఆగదు.

ఎందుకు ఆగదో తర్వాత అర్థమైంది. మామూలుగా నేల దగ్గర గాలి వెచ్చగా, పైన చల్లగా ఉంటుంది. వెచ్చటి గాలి పైకి లేస్తూ పొగని కూడా తీసుకుపోతుంది. చలికాలం రాత్రుల్లో గాలి ఆడకపోతే ఈ వరస తలకిందులవుతుంది. నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, పైన ఉన్న వెచ్చటి పొర గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. వీధిలో ఉన్న చిమ్నీలన్నిటి పొగా ఇళ్ల కప్పుల ఎత్తులోనే తచ్చాడుతుంది. ఎండెక్కాక ఆ పొర చెదిరితే గాలి బాగుపడుతుంది, సాయంత్రానికి మళ్లీ మొదలు.

చలి ముదిరాక మా పాపకి దగ్గు పట్టుకుంది. అప్పుడే నేను చిన్న ఎయిర్ మీటర్ ఒకటి కొన్నాను. జనవరిలో రాత్రి తొమ్మిదింటికి పెరట్లో పెడితే పీఎం 2.5, అంటే గాలిలో తేలే అతి సన్నని కణాల లెక్క, నూట యాభై దాటడం మామూలే. మర్నాడు మధ్యాహ్నం అదే చోట ఇరవై చూపించేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన లెక్క ప్రకారం ఈ సన్నని కణాలు రోజు సగటున ఘనపు మీటరుకి 15 మైక్రోగ్రాములు దాటకూడదు. మన దేశంలో హద్దు 60. పోలండ్ ప్రభుత్వమైతే కొంచెం పెద్ద కణాలు, అంటే పీఎం 10, రోజు సగటున 150 దాటితే తప్ప అలారం ప్రకటించదు. 2019 అక్టోబర్ దాకా ఆ హద్దు ఏకంగా 300. హద్దు అంత పైన పెట్టుకుంటే అలారం మోగించే అవసరం రాదు, ఎవరూ కంగారు పడరు. నాకు నిజంగా కోపం తెప్పించిన సంగతి ఇది.

సగటుల గొడవ ఇంకోటి. సంవత్సరం మొత్తం లెక్క తీస్తే హైదరాబాద్ గాలే ఇక్కడి గాలికంటే చెడ్డది. మా ఆయన ఫ్రెండ్స్ ఈ లెక్క చూపించే నా నోరు మూయిస్తారు. మా పాప పీల్చేది సగటు గాలి కాదు, జనవరి రాత్రి గాలి. పైగా ఇది రోడ్డు మీద లేచే దుమ్ము కాదు. సరిగ్గా మండని బొగ్గూ కట్టెల నుంచి బెంజోపైరీన్ అనే పదార్థం వస్తుంది, క్యాన్సర్ తెస్తుందని రుజువైనది. గాలిలో అది ఘనపు మీటరుకి ఒక నానోగ్రాము మించకూడదని యూరోపియన్ యూనియన్ లక్ష్యం పెట్టుకుంది. దక్షిణ పోలండ్‌లో చాలా ఊళ్లు ఆ లక్ష్యాన్ని ఎన్నో రెట్లు దాటుతూ వచ్చాయి.

ఇవన్నీ ఇక్కడ ఎవరికీ తెలియని రహస్యాలు కావు. సెన్సర్లు తయారుచేసే ఎయిర్లీ అనే కంపెనీ పుట్టిందే క్రాకోవ్‌లో. స్కూలు గోడల మీద, పంచాయతీ ఆఫీసుల మీద సెన్సర్లు ఉంటాయి. ఫోన్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, ఊదా రంగుల్లో వీధివీధికీ చూసుకోవచ్చు. అందరికీ ఆ యాప్ ఉంది. పొద్దున టెంపరేచర్ చూసినట్టే చూస్తారు, "ఇవాళ బాలేదు" అంటారు, కుక్కని తీసుకుని జాగింగ్‌కి వెళ్తారు. ఊదా రంగులో పరిగెత్తేవాళ్లని నేను చాలామందిని చూశాను.

మా పాప కిండర్‌గార్టెన్ ఇంకా ముచ్చటైనది. గేటు పక్కన గాలి నాణ్యత చూపించే స్క్రీన్ ఉంది. అది ఎర్రగా వెలుగుతుంటే దాని కిందనుంచే టీచరమ్మ పిల్లలని రెండు వరసల్లో ఆటకి తీసుకెళ్తుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. పిల్లలు రోజూ బయట స్వచ్ఛమైన గాలి పీల్చాలి, లేకపోతే రోగాలొస్తాయి అని ఎంతో ఓపిగ్గా చెప్పింది. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అంది. ఇక్కడ నెలల పిల్లలని కూడా చలిలో తోపుడుబండిలో పడుకోబెట్టి బయట నిద్రపుచ్చుతారు. తరగతి గది కిటికీలు గంటకోసారి బార్లా తెరుస్తారు. చలికి భయపడకూడదనేది తాతల నాటి పట్టింపు. గాలి మారినా పట్టింపు మారలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే, కిండర్‌గార్టెన్‌లో చేరిన కొత్తలో పిల్లలందరూ దగ్గుతారు, రాస్ప్‌బెర్రీ సిరప్ కలిపిన టీ ఇవ్వండి అన్నారు. పొగ వల్లేమో అని నేనంటే, "అదీ ఉంటుంది" అని కంప్యూటర్ వైపు తిరిగారు. అంతే.

మనవాళ్ల సంగతి చెప్పకపోతే అన్యాయం. క్రాకోవ్‌లో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, చదువుకునేవాళ్లు, ఐటీవాళ్లు. "ఇక్కడికొచ్చింది సంపాదించుకోవడానికా, గాలి పీల్చడానికా?" అని ఒకతను జోకేశాడు, అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. ఆ సంక్రాంతికి భోగిమంట మా పెరట్లో వేద్దామన్నారు. సిటీలో వేస్తే ఎవరైనా ఫోన్ కొడతారని భయం, మా ఊళ్లో ఎవరూ పట్టించుకోరని ధైర్యం. మీటర్ చేతిలో పట్టుకుని వద్దన్నాను. "ఒక్క మంటతో ఏమైపోతుంది వదినా?" అన్నారు. పండగపూట మొహాలు మాడ్చుకున్నారు. చివరికి దీపాలు పెట్టి, పిల్లలకి భోగిపళ్లు పోసి, అరిసెలు తిని వెళ్లారు. ఆ ఒక్క మంట మాట మాత్రం తర్వాత పోలిష్‌లో చాలాసార్లు విన్నాను.

బయటిది మన చేతిలో లేదు కాబట్టి ముందు ఇంట్లో చేయగలిగింది చేశాం. కొత్తగా వచ్చేవాళ్లకి పనికొస్తుందని ఇది కాస్త వివరంగా రాస్తున్నాను. సన్నని కణాలని పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ కొనేటప్పుడు ఇల్లంతటికీ ఒక్కటి అనుకోవద్దు, పడుకునే గదికి కొనండి. ఆ గదిలో గాలిని గంటకి నాలుగైదుసార్లు తిప్పగలిగే శక్తి ఉండాలి. అయాన్లు, యాప్‌లు, రంగుల లైట్లు ఏమీ అక్కర్లేదు. డబ్బాకంటే ఫిల్టర్ల ఖర్చు ముఖ్యం. పెట్టెమీద ఏడాది వస్తుందని రాసిన ఫిల్టర్ మాకు ఒక్క చలికాలానికే నల్లబడింది. ఎప్పుడూ కిటికీలు మూసుకుని కూర్చోవద్దు, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య మీటర్ చూసుకుని పది నిమిషాలు అన్నీ తెరిచేయండి. సందులన్నీ టేపు వేసి బిగించాలని నేను సిద్ధపడితే ఇంటి ఓనరమ్మ పరిగెత్తుకొచ్చి ఆపింది. మా బాత్రూంలో నీళ్లు కాగేది గ్యాస్ గీజర్‌తో. గాలి ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. ప్రతి చలికాలం పోలండ్‌లో అలా నిద్రలోనే పోయేవాళ్లుంటారు. అలారం పెట్టించుకోండి, ఖరీదు పెద్దగా ఉండదు.

మీటర్ మా పరువు కూడా తీసింది. ఒక ఆదివారం పప్పుకి ఎండుమిర్చి పోపు వేస్తుంటే అది జనవరి రాత్రిని మించిపోయి మోగడం మొదలుపెట్టింది. "ఊరి చిమ్నీలని తిడతావు గానీ అసలు చిమ్నీ మనింట్లోనే ఉంది" అని మా ఆయన దొరికింది సందని ఏడిపించారు. ఎగ్జాస్ట్ వేస్తే లోపలి పొగ పోతుంది, కానీ అది గాలిని బయటికి లాగేస్తుంది కాబట్టి కిటికీ సందుల్లోంచి వీధి పొగ లోపలికి వస్తుంది. అందుకని మా ఇంట్లో పోపు మధ్యాహ్నానికి మారింది. రాత్రికి మధ్యాహ్నం పప్పే వేడిచేసుకుంటాం.

2022 వచ్చింది. యుక్రెయిన్ యుద్ధం మొదలైంది. ఏప్రిల్‌లో పోలండ్ రష్యా బొగ్గుని నిషేధించింది. ఇళ్లల్లో కాల్చే బొగ్గులో చాలా భాగం అక్కడినుంచే వచ్చేది, దాంతో టన్ను వెయ్యి జ్లోటీలు (పోలండ్ డబ్బు) ఉండేది మూడు వేలకి ఎగబాకింది. బొగ్గు పొయ్యి ఉన్న ఇంటికి ప్రభుత్వం మూడు వేల జ్లోటీలు ఇచ్చింది. పొయ్యి మార్చుకోవడానికి కాదు, బొగ్గు కొనుక్కోవడానికి. అప్పటి అధికార పార్టీ అధినేత యారొస్వాఫ్ కచిన్‌స్కీ సెప్టెంబర్‌లో నోవి తార్గ్ అనే ఊళ్లో మాట్లాడుతూ టైర్లు తప్ప ఏదైనా కాల్చుకోవాల్సిందే అన్న అర్థం వచ్చేలా సెలవిచ్చారు. నోవి తార్గ్ పోలండ్‌లోనే అత్యంత చెడ్డ గాలి ఉన్న ఊళ్లలో ఒకటి. మా ప్రాంతీయ సభ కూడా అదే నెలలో తన వంతు చేసింది. ఏ ప్రమాణానికీ అందని పాత పొయ్యిలని 2023 మొదటినుంచి నిషేధించాల్సి ఉండగా ఆ గడువుని 2024 ఏప్రిల్ చివరికి జరిపేసింది. చలికి వణుకుతున్న ముసలివాళ్లకి ఆ ఏడాది ఏం చెప్పగలరు, అదీ నిజమే. కానీ ఆ చలికాలం మా వీధిలో పొగ రంగు మారింది. తెల్లటి పొగ పసుపుపచ్చగా, చిక్కగా వచ్చేది. కొన్ని రాత్రులు ప్లాస్టిక్ కాలిన వాసన. మంచు మీద నల్లటి నలుసులు.

అందులో పెద్ద వాటా పక్కింటిది. పెద్దాయన సైలీషియా ప్రాంతంలో, కటోవిత్సే దగ్గర గనిలో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఆ తర్వాత కొన్నేళ్లూ ఏటా టన్నుల కొద్దీ బొగ్గు ఊరికే వచ్చేదట. రిటైరైనవాళ్లకి అది ఆపేశాక, 2017లో ప్రభుత్వం ఒకేసారి పది వేల జ్లోటీలు పరిహారంగా ఇచ్చింది. ఆ పది వేల గురించి ఆయన ఇప్పటికీ తిడతాడు. నాకొచ్చిన పోలిష్ అంతంత మాత్రం, మా పాప మాత్రం అప్పటికే గలగలా మాట్లాడేది. కంచె దగ్గర నిలబడి మా నాన్న కూడా గనిలోనే పనిచేశారని చెప్పిస్తే ఆయన మొహం వెలిగిపోయింది. వీడియో కాల్ పెట్టమన్నాడు. పెట్టాను.

మా నాన్న నమస్కారం పెట్టి వెంటనే "ఏ గ్రేడు బొగ్గు? బూడిద ఎంత పర్సెంటు?" అని మొదలుపెట్టారు. పెద్దాయన షెడ్డులోకి వెళ్లి ఒక ముద్ద తెచ్చి కెమెరాకి చూపించాడు. ఎన్ని మీటర్ల లోతు, ఎన్ని షిఫ్టులు, పైకప్పు కూలిన రోజులు. మధ్యలో మా పాప అనువాదం, దానికి రాని మాటలు చేతులతో. ఫోన్ పెట్టేముందు నాన్న నాతో తెలుగులో అన్నారు, "బొగ్గు మంచిదే బిడ్డా. అంత పొగ ఎందుకొస్తది? పొయ్యిల లోపం ఉంది, చూసుకోమను."

ఇది నాకు పట్టుకుంది. పొగ అంటే కాలని బొగ్గే. పాత పొయ్యిల్లో మండే నిప్పుల మీద కొత్త బొగ్గు పోస్తారు. అడుగునుంచి వేడి తగలగానే ఆ బొగ్గులోని వాయువులు మండకుండానే చిమ్నీ ఎక్కేస్తాయి, ఆ పసుపు పొగ అదే. దీనికి ఇక్కడి ఉద్యమకారులు ఏళ్లుగా చెప్తున్న ఒక కిటుకు ఉంది. ముందు బొగ్గు నింపి, పైన చితుకులు పేర్చి, పైనుంచి అంటించాలి. మంట కిందికి దిగుతుంది, పైకి లేచే వాయువులు మంటలోంచి వెళ్తూ కాలిపోతాయి. పొగ తగ్గుతుంది, బొగ్గు కూడా తక్కువ పడుతుంది. రూపాయి ఖర్చు లేదు. వీడియో తీసుకెళ్లి పెద్దాయనకి చూపించాను. పూర్తిగా చూశాడు. "నలభై ఏళ్లు బొగ్గులో బతికినవాడికి నిప్పు పెట్టడం నేర్పిస్తున్నారా?" అని నవ్వాడు. ఇంట్లో కాల్చిన కేక్ ముక్క పెట్టాడు. "నా ఒక్క చిమ్నీ ఆగితే ఊరు బాగుపడుతుందా?" అన్నాడు. ఆ రాత్రి కూడా పొగ అలాగే వచ్చింది.

ఫిబ్రవరిలో పాపకి మళ్లీ దగ్గు ఎక్కువై రాత్రిళ్లు కూర్చోబెట్టాల్సి వచ్చింది. అప్పుడు ఫిర్యాదు చేశాను. మా ప్రాంతంలో ఎకోఇంటర్వెన్షన్ అనే ఆన్‌లైన్ ఫారం ఉంది, పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. వీధి, సమయం, పొగ ఎలా ఉందో రాసి, ఫొటో పెట్టాను. చట్టం గట్టిదే. చెత్త కాలుస్తున్నారేమో చూడడానికి వచ్చే అధికారి పొద్దున ఆరు నుంచి రాత్రి పది లోపు ఇంట్లోకి వెళ్లి పొయ్యి తనిఖీ చేయొచ్చు, అడ్డుకుంటే అదే నేరం. అక్కడికక్కడే ఐదు వందల జ్లోటీల దాకా జరిమానా, కోర్టుకి వెళ్తే ఐదు వేల దాకా. కాగితం మీద ఇంత ఉంది. ఆచరణలో, పొగ కమ్మేసేది రాత్రి, అధికారి వచ్చేది ఆఫీసు టైంలో. చాలా రోజులకి ఒకతను కారులో వచ్చాడు, పెద్దాయనింట్లో కాఫీ తాగాడు, బూడిద కొంచెం పొట్లం కట్టుకుని వెళ్లాడు. చెత్త కాల్చిన ఆనవాళ్లు లేవు, బొగ్గు కాల్చడం మా ఊళ్లో నేరం కాదు, పొయ్యి మార్చడానికి ఇంకా గడువుంది అని జవాబొచ్చింది. ప్లాస్టిక్ వాసన ఏ ఇంటిదో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ తర్వాత కొన్నాళ్లు వీధిలో పలకరింపులు తగ్గాయి. ఎవరు చెప్పారు, ఎవరు చెప్పారు అని గుసగుసలు. పాప స్నేహితురాలి అమ్మ ఒకామె నన్ను పక్కకి తీసుకెళ్లి విడమరిచి చెప్పింది. కమ్యూనిస్టుల కాలంలో పక్కింటివాళ్ల మీద పోలీసులకి చాడీలు చెప్పే మనుషులుండేవాళ్లు, ఆ జ్ఞాపకం ఇంకా పోలేదు, పొగ పీల్చడానికైనా ఒప్పుకుంటారు గానీ ఆ పేరు పడడానికి ఎవరూ ఒప్పుకోరు అని. నేను అప్పటిదాకా దీన్ని నిర్లక్ష్యం అనుకున్నాను. కొంత నిర్లక్ష్యమే. కొంత భయం, కొంత పేదరికం, కొంత పక్కింటివాళ్లతో రేపు కూడా బతకాలి కదా అనే లెక్క. సింగరేణి క్వార్టర్స్‌లో ఇదే పరిస్థితి వస్తే మా అమ్మ ఫిర్యాదు పెట్టేదా? పెట్టేది కాదు.

ఆ ఏడాదే పక్క ఊరి చౌరస్తాలో పోలిష్ స్మాగ్ అలర్ట్ వాళ్లు పెద్ద ఊపిరితిత్తుల బొమ్మ పెట్టారు. మనిషికంటే ఎత్తు, పైన తెల్లటి వడపోత గుడ్డ, లోపల గాలి పీల్చే ఫ్యాన్లు. పెట్టిన కొద్ది రోజులకే బూడిద రంగు తిరిగింది, తీసేసేటప్పటికి ఇంచుమించు నలుపు. జనం వచ్చి సెల్ఫీలు దిగారు. పాప దాని ముందు నిలబడి "ఇది ఎవరిది?" అని అడిగింది. పక్కన నిలబడ్డ ముసలమ్మ "అందరిదీ" అంది, సిగరెట్ కాలుస్తూనే.

2024 మే నెల వచ్చింది, పాత పొయ్యిలు చట్టవిరుద్ధమయ్యాయి. ఎండాకాలం కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించలేదు. అక్టోబర్‌లో అవే చిమ్నీలు మళ్లీ రాజుకున్నాయి. పెద్దాయన కూతురు మాత్రం కదిలింది. గాలి మీద ప్రేమతో కాదు. జరిమానా భయం ఒకటి, 2018 నుంచి నడుస్తున్న 'స్వచ్ఛమైన గాలి' ప్రభుత్వ పథకంలో పొయ్యి మార్పుకీ గోడలకి ఇన్సులేషన్ వేయించడానికీ డబ్బు ఇస్తారన్నది రెండోది. కాగితాలన్నీ సిద్ధం చేసుకుని అప్లికేషన్ పెట్టబోతుండగా నవంబర్ చివర్లో, అక్రమాలు జరుగుతున్నాయని ప్రభుత్వం పథకాన్ని ఉన్నపళంగా ఆపేసింది. ఇంకో చలికాలం అలాగే గడిచింది. 2025 మార్చి ఆఖర్న కొత్త నిబంధనలతో మళ్లీ తెరిచారు. ఆమె మొదటి వరసలో నిలబడింది. ఆ శరదృతువులో వాళ్లింట్లో పెల్లెట్ బాయిలర్ దిగింది. రంపపు పొట్టుని గుళికలుగా అదిమి చేసేవి పెల్లెట్లు, మెషిన్ తానే కొద్దికొద్దిగా వేసుకుంటుంది. చిమ్నీ మీద దాదాపు పొగ కనబడదు. పెద్దాయనకి మొదట్లో అది నచ్చలేదు, చేతికి పని లేకుండా పోయిందట.

పొగ ఎంత తగ్గిందంటే, మా ఇద్దరి ఇళ్ల వెనకున్న ఇంటి పొగ ఎంతుందో ఇప్పుడు తెలుస్తోంది. మొన్న చెత్తడబ్బా బయట పెడుతుంటే పెద్దాయన కంచె దగ్గరికి వచ్చాడు, ముక్కు మూసుకుని. రాత్రి నిద్ర పట్టలేదని, వాళ్లు ఏం తగలబెడుతున్నారో దేవుడికే తెలియాలని, పొయ్యి మార్చుకోవడానికి వాళ్లకేం రోగమని, ఈ ఊళ్లో ఎవరికీ పట్టదని చాలాసేపు మాట్లాడాడు. ఫిర్యాదు పెట్టండి అన్నాను. తల అడ్డంగా ఊపాడు. వాళ్ల నాన్నతో కలిసి చర్చికి వెళ్లేవాడు, ఎలా పెడతాడు? కాస్త ఆగి, "అయినా ఆ ఫారం ఎలా నింపాలో మీకు తెలుసు కదా" అన్నాడు. పోలిష్‌లో తప్పులుంటే తను దిద్దుతానన్నాడు.